తప్పు చేసినవాళ్ళకు మొదటి టీ

రజియా సోల్డరింగ్ కడ్డీని తడి స్పాంజికి తుడిచి, నిన్న అతికించిన తీగనే మళ్ళీ ఊడదీసింది. ఊడదీసి మళ్ళీ అతికించింది. ఆ పాత కంప్యూటర్ బోర్డు ఎప్పుడో చచ్చిపోయింది, ఇక బతికేది లేదు. అయినా పక్కన కుర్చీలో కూర్చున్న గోపాలకృష్ణయ్య గారు మెడ చాచి చూసి, "ఆ మూల సరిగ్గా పట్టలేదమ్మాయ్, ఇంకోసారి చూడు" అన్నారు.

"చూస్తన్నా సారూ."

నరసరావుపేటలో, జిన్నింగు మిల్లు వెనకనున్న ఈ రేకుల షెడ్డులో ఆయన ఒకప్పుడు కంప్యూటర్లు తయారు చేశారంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ! మద్రాసు నుంచి విడిభాగాలు బస్సు టాపు మీద వేసుకొచ్చేవారు. బీరువాలు చేసే సాల్మన్ రాజు చేత ఇనుప పెట్టెలు కొట్టించేవారు. లోపల మోటారుసైకిలు బ్యాటరీ ఇరికించేవారు. ఎందుకంటారా? పల్నాడు కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియదు గదా! ఊరంతా చీకటైనా తెర వెలుగుతూనే ఉంటుందని ఆ కంప్యూటరుకి వెన్నెల అని పేరు పెట్టారు. పత్తి వ్యాపారులు ఎగబడి కొన్నారు. రేడియో మెకానిక్ జాన్ సాహెబ్ కూతురు రజియా పెళ్ళికి ముందే ఇక్కడ పనిలో చేరింది. "ఆడపిల్లకి కంపెనీ పనేందే?" అని వీధంతా ముక్కున వేలేసుకుంది. వేసుకున్న వేళ్ళు వేసుకున్నట్టే ఉన్నాయి, రజియా మాత్రం ఇక్కడే ముసలిదైంది.

ఆ కంపెనీలో ఓ ఆచారం ఉండేది. టీ రాగానే, "ఇవాళ ఎవరు ఏం చెడగొట్టారు?" అని ఆయన అడిగేవారు. చెడగొట్టినవాళ్ళు లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. తిట్లేమీ ఉండవు. మొదటి గ్లాసు వాళ్ళకే. ఆయనే చేతికిచ్చి, "ఏం తెలిసింది?" అని అడిగేవారు. ఎవరూ ఏమీ చెడగొట్టని రోజున మాత్రం మొహం మాడ్చుకునేవారు. అంటే ఆ రోజు కొత్తగా ఎవరూ ఏమీ ప్రయత్నించలేదన్నమాట! రజియా ఓసారి కరెంటు పోయి వచ్చిన ఊపులో బోర్డు కాల్చేసి ఏడుస్తుంటే, ఆ టీ దగ్గరే బ్యాటరీ ఆలోచన పుట్టింది.

తర్వాత పెద్ద కంపెనీల కంప్యూటర్లు అట్టపెట్టెల్లో దిగాయి. వెన్నెల మూలపడింది. షెడ్డు రజియా నడిపే జిరాక్సు షాపయింది. ఆయన భార్య పోయింది, వెనకనే ఆయనకు మతిమరుపు వచ్చింది. ఆయన లెక్కలో మాత్రం కంపెనీ ఇంకా నడుస్తూనే ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. తీగ తిరగేశాననో, స్క్రూ పోగొట్టాననో రజియా రోజుకో తప్పు కల్పించి చెబుతుంది. ఆయన మురిసిపోతూ టీ ఇస్తారు. ఆ మురిపెం చూడటానికి ఆమె ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది.

బయట కారు ఆగింది. ఆయన కూతురు దేవిక లోపలికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "సామాన్లు సర్దేశాను ఆంటీ. టీ తాగాక బయల్దేరతాం. హైదరాబాదులో ఇలాంటి వాళ్ళనే చూసుకునే చోటది, బాగుంటుంది. షెడ్డు కూడా వేరేవాళ్ళకి ఇచ్చేశాం."

"మా ఇంట్లో పెట్టుకుంటానమ్మా. కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటా."

"మళ్ళీ రోడ్డెక్కితే? లారీల మధ్యన నడుస్తున్నారని ఫోన్ చేసింది మీరే గదా!"

చేసింది. బ్యాంకులో వెన్నెల చూపించాలంటూ ఆయన కోటప్పకొండ రోడ్డు పట్టుకుని వెళ్ళిపోతే, భయపడి ఫోన్ చేసింది. కూతురొచ్చి కాపలాకు ఓ మనిషిని పెడుతుందనుకుంది. ఇదవుతుందని కలగన్నదా? దేవిక కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఆ పిల్లనేమంటుంది!

టీ వచ్చింది. గోపాలకృష్ణయ్య గారు ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నారు. "ఊఁ, ఇవాళ ఎవరు ఏం చెడగొట్టారు?"

రజియా లేచి నిలబడింది. పొద్దున అనుకున్న అబద్ధం నోటికి రాలేదు.

"నేనే సారూ. మీరు రోడ్డు మీదికి పోయారని అమ్మాయికి చెప్పా. చానా పెద్ద తప్పు చేశా. అందుకే మిమ్మల్ని తీసకపోతన్నారు."

ఆయన ఆమెకేసి చూశారు. అర్థమైందో లేదో, మొహం విప్పారింది. మొదటి గ్లాసు ఆమెకే అందించారు. "శభాష్! ఏం తెలిసింది?"

రజియాకు ఏమీ తెలియలేదు. గ్లాసు పట్టుకుని, పైట అంచు నోట్లో కుక్కుకుంది. దేవిక మొహం తిప్పుకుంది.

ఆయన రజియా భుజం పట్టుకునే కారు దాకా నడిచారు. బ్యాంకు వాళ్ళు ఎదురుచూస్తుంటారని తొందర పడ్డారు. సీట్లో కూర్చుని, అద్దం దించమని, "నేనొచ్చేసరికి ఆ బోర్డు అయిపోవాలి" అన్నారు.

"అయిపోద్ది సారూ."

కారు మిల్లు గోడ చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. షెడ్డులో కడ్డీ ఇంకా వేడిగానే ఉంది. స్విచ్చి ఆపబోతూ తలుపు వెనక చూసి, అయ్యో అనుకుంది. చప్పున ఫోన్ తీసింది. దేవిక పేరు మీద వేలు ఆగిపోయింది. మొన్న రోడ్డు సంగతి చెప్పడానికి నొక్కిందీ ఈ పేరే. చివరికి ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

తలుపు వెనక, తండ్రి కోసం దేవిక ఇవాళ కొనితెచ్చిన కొత్త చేతికర్ర, పిడి మీద ప్లాస్టిక్ కాగితమైనా తీయకుండా గోడకు ఆనించి ఉంది.