తోడికోడలి ముందు అడిగిన ప్రశ్న

చొక్కాల కార్ఖానాలో గుండీలు కుట్టే చిన్నకోడలు ఆ ఉదయం మిషను నూనె వాసన తగలగానే నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి పక్కనే కాలర్లు కుడుతున్న తోడికోడలు కళ్లెగరేసింది.

"ఏంటే సంగతి? మీ పాపకు తోడొస్తోందా?"

"చాల్లే అక్కా, నీకన్నీ అవే ఆలోచనలు! పొద్దున ఏం తినలేదు, అంతే."

పైకి నవ్వింది గానీ లోపల అనుమానం మొదలైంది. గర్భం రాదన్న ధీమాతో ఉన్న మనిషి ఆమె. మోచేతికి పైన చర్మం కింద అగ్గిపుల్లంత మందు కడ్డీ ఉంది. దాన్ని పెట్టిన నర్సమ్మ కొన్నేళ్లపాటు పిల్లల బెంగ అక్కర్లేదని చెప్పింది. అయినా సాయంత్రం పరీక్ష చేసుకుంటే రెండు గీతలు కనిపించాయి.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఈ భార్యాభర్తలిద్దరికీ హెచ్.ఐ.వి. ఉంది. పాప పుట్టాక ఆ సంగతి తెలిసింది. అదృష్టం బాగుండి పిల్లకు అంటలేదు. మందులు వాడుకుంటూ, పనులు చేసుకుంటూ అందరిలాగే బతుకుతున్నారు. అత్తగారింట్లో ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. ఆమె మాత్రల డబ్బా కుట్టుసామాను సంచి అడుగున ఉంటుంది.

ఆ పూట ఆమె మాత్ర వేసుకోలేదు.

"ఇంత ఘాటు మందు కడుపులో బిడ్డకు మంచిది కాదేమోనండీ. కాన్పయ్యేదాకా మానేస్తాను" అంది.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే? రేపు వెళ్లి అడుగుదాం" అన్నాడు భర్త.

మర్నాడు క్లినిక్కులో అదే నర్సమ్మ ఆమె చేతిని తడిమి చూసింది. కడ్డీ పెట్టిన చోటే ఉంది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?"

పక్కన భర్త తప్ప ఎవరూ లేరు. సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పేరు చదివేసరికి నర్సమ్మ ముఖం వాడిపోయింది.

"అన్ని మందులూ ఇలా చెయ్యవు గానీ, ఈ రకం మాత్ర కడ్డీలోని హార్మోను బలాన్ని తగ్గించేస్తుంది. కడ్డీ పెట్టిన రోజే తెలిసుంటే వేరే పద్ధతి చెప్పేదాన్ని."

"అయితే తప్పు ఈ మాత్రలదే కదా మేడమ్? మానేస్తాను."

"అమ్మో, ఆ పని మాత్రం చెయ్యకు! కడ్డీ పిల్లల్ని ఆపడానికే, నీ జబ్బును అదుపులో ఉంచేది ఈ మాత్రే. ఇది మానేస్తే జబ్బు ముదురుతుంది, బిడ్డకూ అంటుకోవచ్చు. ఎన్నాళ్లయింది మానేసి?"

"నిన్నొక్క పూటే."

"బతికించావు. ముందు ఇది వేసుకో" అంటూ నర్సమ్మ గ్లాసుడు నీళ్లు అందించింది. "బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది మీరిద్దరూ ఆలోచించుకోండి. డాక్టరుగారితో మాట్లాడిస్తాను, మందు మార్చాలంటే ఆయనే మారుస్తారు. అప్పటిదాకా ఒక్క పూట కూడా ఆపకు."

ఆమె మాత్ర మింగింది. భర్త హమ్మయ్య అనుకున్నాడు. నర్సమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాచకూడదంటారు. ఆ రోజు నేను అడిగితే జ్వరం మాత్ర కూడా మింగనన్నావు. ఎందుకమ్మా అంత అబద్ధం?"

ఆమెకు ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఎలా చెప్పను మేడమ్? మీరు అడిగేటప్పుడు మా తోడికోడలు నా పక్క కుర్చీలోనే కూర్చుంది. తను చెడ్డది కాదు, నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. పొద్దుగూకేలోగా ఇల్లంతా తెలిసేది, నా కంచం, గ్లాసు వేరైపోయేవి. నా పిల్లను ఎత్తుకునేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు."

నర్సమ్మ లేచింది. బల్ల పక్కన బంధువుల కోసం వేసిన ఆ కుర్చీని తానే ఎత్తుకెళ్లి వరండాలో పెట్టింది. తర్వాతి వంతు అమ్మాయి వెంట వాళ్ల అత్తగారు కూడా లోపలికి రాబోయింది.

"మీరు ఇక్కడ కూర్చోండి పెద్దమ్మా, వంతు వచ్చాక అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి" అని ఆవిడను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, లోపలికొచ్చి తలుపు వేసి, నర్సమ్మ చిన్నకోడలి వైపు తిరిగింది.

"నువ్వు దాచడం కాదమ్మా తప్పు, నలుగురి ముందు అడగడం నా తప్పు. రోగి దగ్గర నిజం కావాలంటే, ఆ నిజం చెప్పుకునే చాటు ముందు మేమే ఇవ్వాలి."