రెండు లెవెల్స్ కింద

ముందే ఒప్పేసుకుంటా: చంద్రయ్య చావులో నేను రాసిన కోడ్ ఉంది. పద్నాలుగు లైన్లు.

మాదాపూర్‌లో మా ఆఫీసు హాస్పిటళ్లకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మా దగ్గర పేషెంట్ రికార్డంటే డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా. వార్డు స్క్రీన్‌కి అవి అర్థం కావు. పేరు, ఎదురుగా విలువ, అలా సాదా డిక్షనరీ కావాలి. మార్చే పని నాకిచ్చారు. పేషెంట్ డబ్బాలో తోడుగా వచ్చిన అటెండర్, అటెండర్ డబ్బాలో మళ్లీ అదే పేషెంట్. కోడ్ గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చింది. గంటలో డెమో.

"రెండు లెవెల్స్ దాకా వెళ్లి ఆపెయ్ రసజ్ఞా. ఇంకా లోపల ఎవడు చూస్తాడు?" అన్నాడు మా లీడ్ మధుసూదన్.

ఆపేశా. ఆ కిందున్నదంతా ఖాళీ. ఖాళీ ఉంటే స్క్రీన్ 'లేవు' అని చూపిస్తుంది. టెస్ట్ పేషెంట్‌గా నా పేరే పెట్టుకున్నా. 'అలర్జీలు: లేవు' అని వచ్చింది. నాకు నిజంగానే లేవు. కరెక్టే కదా! డెమో అయ్యాక అదే కోడ్ హాస్పిటళ్లకి వెళ్లిపోయింది.

అలర్జీలు మూడో లెవెల్లో ఉంటాయి.

చంద్రయ్య మా ఫ్లోర్‌లో టీ ఇచ్చే రుక్కమ్మ భర్త. జ్వరమొస్తే మా సాఫ్ట్‌వేర్ వాడే హాస్పిటల్లోనే చేర్చింది. ఆయనకి పెన్సిలిన్ పడదని కౌంటర్లో చెప్పి రికార్డులో ఎక్కించింది కూడా. వార్డులో స్క్రీన్ చూసి అదే ఇంజెక్షన్ ఇచ్చారు.

తప్పు సరిచెయ్యమని టికెట్ నాకే వచ్చింది. మూడు నిమిషాల్లో ఫిక్స్ చేశా. "మెయిల్లో ఏం పెట్టకు" అన్నాడు మధుసూదన్.

పదకొండు రోజులకి రుక్కమ్మ పనిలోకొచ్చింది. నా కప్పు పెడుతూ, "నేను డాక్టర్లకి చెప్పలేదనే సచ్చిండంటడు బిడ్డా మా మహేశ్. కన్నకొడుకు, నాతోని మాట్లాడ్తలేడు. చెప్పిననో లేదో, ఇగ నాకే యాదికొస్తలేదు" అంది.

"చెప్పావమ్మా. రికార్డులో ఉంది. స్క్రీన్ దాకా రాకుండా పోగొట్టింది నేను." మొత్తం చెప్పేశా.

తిడుతుందనుకున్నా. టీ ట్రే పక్కన పెట్టింది. "గట్లయితే గిదంతా కాయితం మీద రాసియ్యి. వాడు నా మాట నమ్మడు."

రాసిచ్చా. చెప్పింది: రుక్కమ్మ. పోగొట్టింది: రసజ్ఞ. కింద సంతకం, తేదీ. గాజు తలుపు అవతల నుంచి మధుసూదన్ చూస్తూనే ఉన్నాడు.

రేపు పదింటికి హెచ్చార్ రమ్మన్నారు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తెచ్చుకోమన్నారు.

'లోపల ఎవడు చూస్తాడు' అని మీరు వదిలేసింది ఏదైనా ఉంటే, అది ఎవరి మీద పడిందో కింద కామెంట్లలో రాయండి. అన్నీ చదువుతా. ఎల్లుండి నుంచి నాకు టైమే టైము.