ఎర్ర గోలీ, తెల్ల గోలీ

ఎనభై అయిదు వానకాలంల మా ఆయన మగ్గం మీద కూసోని దగ్గి ఉమ్మితే నెత్తురు పడ్డది. దవాఖానకు తీస్కపోతే ఎక్స్‌రే తీసి, తెమడ చూసి టీబీ అన్నరు. ఆ మాట చెవిల పడంగనే నాకు మొదలు యాదికొచ్చింది ఆయన కాదు, మా బిడ్డ శ్యామల. దానికి ఇంక పాలు కూడ మాన్పలేదు. రోజూ ఆయన పక్కల్నే పండుతది. ఆ రాత్రి నుంచి దాన్ని నా ఇవతలికి పండబెట్టిన.

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్ల జంపఖానాలు నేస్తరు. మా ఆయన బాలకిషన్ నేస్తడు, మా మామ లక్ష్మీనర్సయ్య నూలుకు రంగులు అద్దుతడు. మామ అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులైనా పోదని కొనేటోళ్లు పేరు పెట్టి అడుగుతరు. అన్నం తినేటప్పుడు కూడ ఆయన గోర్ల కింద నీలి ఉంటది. నేనైతే ఏడో తరగతిల బడి మానేసి వచ్చినదాన్ని. నాకు రంగుల సంగతీ తెల్వదు, గోలీల సంగతీ తెల్వదు.

దవాఖానల మందులిచ్చే ఆయన రెండు తీర్ల గోలీలిచ్చిండు. తెల్లయి, ఎర్రటి గొట్టం గోలీలు. "రెండూ కల్పి మింగాలె. దగ్గు తగ్గినా ఆపొద్దు. మూత్రం ఎర్రగ వస్తది, బుగులు పడకున్రి" అని చెప్పిండు. వేరే ఇంట్ల అయితే అది చూసి నెత్తురనుకోని లొల్లి చేద్దురేమో. మా ఇంట్ల ఎవ్వరూ బుగులు పడలె. మామ అయితే నవ్విండు.

"ఇది కచ్చా రంగు, బిడ్డా" అన్నడు నాతోని.

ఒక గొట్టం విప్పి పొడిని గిన్నెల కలిపిండు. తెల్ల నూలు పోగు అందుల ముంచి, ఆరబెట్టి, మళ్ల నీళ్లల్ల జాడిచ్చిండు. నీళ్లన్నీ ఎర్రగైనయి, పోగు మాత్రం తేలిపోయింది.

"చూసినవా? పొద్దుగాల మింగితే పగటాల్లకు బయటికొస్తాంది. నూలుకే పట్టనిది ఊపిరితిత్తులకు పడ్తదా? తెల్ల గోలీ చూడు, లోపటికి పోయిందంటె మళ్ల కనవడదు. అదీ పక్కా మందు."

"వాళ్లు రెండూ కల్పి మింగమన్నరు గద మామా."

"వాళ్లు ఎన్నడన్న రంగు కాగు దగ్గర నిలవడ్డరా? రెండు రంగులు ఒక్క కాగుల పోస్తె రెండూ ఖరాబైతయి. ఒకటి పట్టినంకనే ఇంకోటి."

మా ఆయన మంచంల పండి నవ్వుతాండు. "ఏడు చదివిన డాక్టరమ్మకు చెప్తానవా బాపూ? టీబీ ఇడిసిపెట్టినా ఇది అడిగి అడిగి సంపుతది."

ఆయనకూ ఆ ఎర్రది మింగితే కడుపుల తిప్పుతాందట. తండ్రి మాట సాకు దొరికింది. నెల నెలా రెండూ తెచ్చుకునేది, తెల్లయి మింగేది, ఎర్రయి డబ్బల పడేసేది. చలికాలం వచ్చేసరికి దగ్గు తగ్గింది, ముఖం నిండింది, మళ్ల మగ్గం ఎక్కిండు. మామ మాటే నిజమేమో అనిపిచ్చింది నాకు. మనిషి కండ్ల ముంగట మంచిగైతాంటే ఇంకేం అడుగుత? పిల్లను మళ్ల ఆయన పక్కల పండబెట్టిన.

ఎండకాలంల దగ్గు తిరిగొచ్చింది. తెల్ల గోలీ మింగుతనే ఉన్నడు, దగ్గుతనే ఉన్నడు. మామ ఎర్రయి పడేసిన డబ్బ తీసి ముంగట పెట్టుకున్నడు.

"తెల్లది పట్టుడు అయిపోయింది. ఇప్పుడు ఎర్రది ఎత్తుకోవాలె. కచ్చాదైనా మళ్ల మళ్ల ముంచితే ఎంతో కొంత పడ్తది."

తెల్లయి బంద్ పెట్టి, డబ్బల ఉన్న ఎర్రయి మొదలుపెట్టిన్రు. కొన్ని రోజులు మంచిగనే ఉండె. మొదలు తెల్లదానికి తగ్గింది, తర్వాత ఎర్రదానికి తగ్గింది, రెండూ అయినంక రోగం మళ్ల అట్లనే ఉన్నది. అసలు మందు ఏదో నాకు సమజ్ కాలె. అంతల్నే శ్యామలకు పొద్దుమీకినంక ఒళ్లు కాలుడు మొదలైంది. బువ్వ ముట్టదు. మెడ పక్కకు గడ్డ తేలింది.

నలుగురం దవాఖానకు పోయినం. ఈసారి కొత్త డాక్టరమ్మ ఉన్నది. దగ్గుతాండని మా ఆయనను బయట అరుగు మీద కూసోమన్నది.

"మందులన్నీ మింగిండా?" అని అడిగింది.

"అన్నీ మింగిండు మేడం. ఒక్కటి సుత పారేయలె" అన్నడు మామ. అది అబద్ధం కాదు. పోగు ముంచిన ఆ ఒక్క గొట్టం తప్ప అన్నీ కడుపులకే పోయినయి.

డాక్టరమ్మ పిల్ల మెడ పట్టి చూసింది, ఎక్స్‌రే చూసింది. "పాపకు కూడ అదే ఉన్నట్టుంది. తండ్రికి ఇచ్చిన మందులే చిన్న డోసుల ఇస్తున్న. ఫికర్ చెయ్యకు" అని చీటీ రాయవట్టింది.

మా ఇంట్ల మామ చెప్పినంక కోడలు మాట కలుపది. గని ఆ గోలీలు ఒక్కొక్కటిగ తండ్రి మీద ఓడిపోయినయి. అవే పిల్ల నోట్ల పోస్తె ఏం చేస్తయి?

"మేడం, ఆయన రెండూ కల్పి మింగలె. మొదలు తెల్లయి ఒక్కటే. అవి బంద్ పెట్టి ఎర్రయి ఒక్కటే."

కలం ఆగింది. "అట్లెందుకు?"

నేను మామ దిక్కు చూసిన. మామ తన చేతుల దిక్కు చూస్కుంటాండు. "రెండు రంగులు ఒక్క కాగుల పొయ్యం మేడం" అని మొదలుపెట్టి, పోగు ముంచింది సుత మొత్తం చెప్పిండు. డాక్టరమ్మ ముఖం ముందుగాల ఎర్రగైంది. తర్వాత కోపం పోయి నీరసం వచ్చినట్టయింది.

"పెద్దాయనా, మందు పనిచేసుడు వేరు, రంగు నిలుసుడు వేరు. ఒక్క మందే ఇస్తే దానికి చచ్చే క్రిములు చస్తయి. చావనియి కొన్ని మిగుల్తయి. మళ్ల అవే పెరుగుతయి. వాటికి ఇంకో మందు ఒక్కటే ఇస్తే దానికీ అంతే. దీనికి చావనిది దానికన్న చావాలని రెండూ కల్పి ఇస్తం."

"మరి పిలగాడు మంచిగైండు గద మేడం?" అన్నడు మామ.

"చచ్చినయి ఎక్కువ, మిగిలినయి తక్కువ. అందుకే మీకు కనవడలె."

నాకు సగమే అర్థమైంది. మందు మింగితే రోగం పోవాలె గని మొండిదెట్లయితది? పోనీ, ఆయన ఒంట్లయి మొండియైనయంటె, ఎన్నడూ ఒక్క గోలీ మింగని పిల్లకు మామూలయే ఉండాలె. అదే అడిగిన.

"పిల్లకు ఎవరి దగ్గర్నుంచి వచ్చినయమ్మా?" అన్నది డాక్టరమ్మ.

మామ గోడకు ఒరిగి కూసున్నడు.

"అయితే దీనికేమిస్తరు మేడం?"

ఆమె రాసిన చీటీ చింపలె, నాకు ఇయ్యలె. "ఆయన తెమడ హైదరాబాద్ పంపుతం. ఏ మందుకు చస్తయో అక్కడ చూస్తరు. నెలలు పడ్తది."

"అందాక?"

"అందాక సూదులు, ఇంకో రెండు మందులు కలుపుత. పనిచేస్తయనే అనుకుంటున్న. ఖాయంగ చెప్పలేను. పిల్లను తండ్రి పక్కల పండబెట్టకు. మీ అమ్మగారిది ఏ ఊరు?"

"నెక్కొండ."

"అక్కడ రోజూ సూది వేసేటోళ్లున్నరా?"

"తెల్వదు మేడం."

"ఉంటె అక్కడికి తీస్కపో. లేకపోతే ఇక్కడ్నే వేరే అర్రల ఉంచు."

మాకు ఉన్నది ఒక్క అర్ర. ఆ మాట చెప్పాల్నా వద్దా అనుకుంటనే బయటికొచ్చిన.

అరుగు మీద మా ఆయన లేచి నిలవడ్డడు. లోపటి మాటలు చెవిల పడ్డట్టున్నయి. "సూదులు ఎవరికట?"

"ఇద్దరికి."

ఆయన శ్యామల దిక్కు చూసిండు. అది నా చంకలకెల్లి "బాపూ" అని రెండు చేతులు చాపింది. ఆయన కూడ చేతులు లేపిండు. సగంల ఆపి, అడుగుతానట్టు నా ముఖం చూసిండు. డాక్టరమ్మ పక్కల పండబెట్టొద్దన్నది నాకు యాదికున్నది. ఎత్తుకోవద్దన్నదో లేదో యాదికొస్తలేదు. పోయి అడిగొస్తనని మళ్ల లోపటికి తిరిగిన. పిల్ల నా భుజం మీదికెల్లి చేతులు చాపే ఉన్నది.