వసారా మేకు

మా ఊరి హైస్కూలు గోడ మీద ఇదివరకు ఎరువుల ప్రకటన ఉండేది. దాని వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మార్కాపురం నుంచి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చిన నెలకే స్టెల్లా మేడమ్ దాని మీద సున్నం కొట్టించి, నీలిరంగుతో నియమాలు రాయించింది. ప్రార్థన గంట కొట్టగానే గేటు మూస్తారు. ఆడపిల్లలు రెండు జడలు వేసుకోవాలి. మగపిల్లలు జుట్టుకు రంగు వేయరాదు. ఫోను తేరాదు. పదో తరగతి వాళ్ళు పొద్దున అందరికంటే ముందు రావాలి, సాయంత్రం చదువు గంట అయ్యాకే ఇంటికి పోవాలి. అన్నిటికంటే అడుగున, బడి వేళల్లో ఎదురు దుకాణంలో ఏమీ కొనరాదు అని ఉంది.

ఆ ఎదురు దుకాణం నాదే. బేస్తవారిపేట మండలం మొత్తంలో బడి గోడకెక్కిన కిరాణా కొట్టు ఇదొక్కటే అయి ఉంటుంది. కాబట్టి ఆమె అంటే నాకు ఇష్టమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయినా చూసింది చూసినట్టు చెప్పాలి. ఒకరోజు బస్సు ఆలస్యమై ఆమె గంట కొట్టాక వచ్చింది. గేటు మూసే మల్లి పరుగెత్తుకొచ్చి తాళం తీయబోతే వద్దంది. ఇంటర్వెల్ దాకా నా కొట్టు ముందు ఎండలో నిలబడింది. స్టూలు వేస్తే కూర్చోలేదు, మంచినీళ్ళు ఇస్తే మాత్రం తాగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ఆ రోజు అనుకున్నాను.

ఊరికీ నియమాలున్నాయి. వాటిని ఎవరూ గోడ మీద రాయలేదు, రాయాల్సిన అవసరం రాలేదు. ఊరవతల పాలెంలో ఉండే కూలివాళ్ళు పెద్దిళ్ళకు వస్తే మెట్టు కిందే ఆగుతారు. ఇది తప్పినవాళ్ళను నేను చూడలేదు. స్టెల్లా మేడమ్ నియమాలకు గేటూ, తాళమూ, మల్లీ కావాలి. ఊరి నియమాలకు ఇవేవీ అక్కర్లేదు.

పెద్దిళ్ళలోకెల్లా పెద్దదైన సావిత్రమ్మ ఇంటి వసారాలో ఒక మేకు ఉంది. మెట్టు కింద నిలబడి చెయ్యి చాస్తే అందే ఎత్తులో కొట్టారు. క్రిస్మస్ పోయి, కొత్త సంవత్సరం ఆరాధన కూడా అయిపోయాక పాలెంలో సగం ఇళ్ళు గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. మా వైపు వాన నమ్ముకుంటే జరిగేది కాదు. పోయేటప్పుడు సావిత్రమ్మ పొలంలో పనిచేసేవాళ్ళు ఇంటి తాళంచెవి తెచ్చి ఆ మేకుకు తగిలిస్తారు. చెవి తీసుకున్నారంటే ఆ ఇంటికీ, కోళ్ళకూ, విడిచిపోయిన ముసలికీ ముతకకూ సావిత్రమ్మ వాళ్ళే జవాబుదారు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి తిరిగొచ్చి ఎవరి చెవి వాళ్ళు తీసుకుంటారు. మధ్యలో ఎవరైనా చెవి వెనక్కి తీసుకుపోయారంటే సావిత్రమ్మ ఇంటి మాట పోయినట్టే. అలా ఎప్పుడూ జరగలేదని సావిత్రమ్మ గొప్పగా చెప్పుకునేది. గొప్పే మరి, కాదనను.

ఈసారి శ్యాంసన్, యేసుమణి దంపతులు చెవితో పాటు కూతుర్ని కూడా అప్పగించి పోయారు. ప్రశాంతి పదో తరగతి. పరీక్షలు మార్చిలో. కోతలో ఇంకో జత చేతులుంటే బాగుండునని శ్యాంసన్‌కు ఉంది, పిల్ల పరీక్ష రాయాలని యేసుమణికి ఉంది. మెట్టు కింద, వసారా చూరు నీడన పడుకోవాలి, పొద్దున కొట్టంలో పేడ ఎత్తాలి, ఇంట్లో పెట్టింది తినాలి. ఆ పిల్ల కంచం వేరుగా, వసారా దూలం సందులో ఉంటుంది. ఇదీ ఏర్పాటు.

ట్రాలీ ఆటో నా కొట్టు ముందే ఆగింది. ఎక్కేముందు శ్యాంసన్ కూతురితో అన్నమాట నేనూ విన్నాను.

"బడోళ్ళు ఒక్కసారి నిన్ను ఇంటికి పంపినారని తెలిసినా వచ్చి తీసుకపోతా. ఊరికే కూర్చునేదానికి కాదు నిన్ను ఈడ ఇడిసిపెట్టేది."

"పంపరు నాయనా," అంది ప్రశాంతి.

పిల్ల చెప్పినట్టే నడుచుకుంది. పేడ ఎత్తి, తలస్నానం చేసిన రోజు కూడా తడి జుట్టుతోనే రెండు జడలు వేసుకుని, గంటకు ముందే గేటు దగ్గర ఉండేది. నాకు తెలిసి ఆమెకు ఇష్టమైనది గణితం. రఫ్ పేపర్లు నా కొట్లోనే కొనేది, అదీ బడి విడిచాక.

జనవరి చివర్లో స్టెల్లా మేడమ్ ఇంకో నియమం తెచ్చింది. శనివారం పదో తరగతి పిల్లల పెద్దలందరూ బడికి రావాలి. పిల్లవాడి పక్కనే, అదే బెంచీ మీద కూర్చుని, పరీక్ష అయ్యేదాకా పెళ్ళిళ్ళకూ పనులకూ తిప్పబోమని చెప్పి సంతకం పెట్టాలి. ఎవరి పెద్దలు రారో ఆ పిల్లలను సోమవారం నుంచి ఇంటికి పంపుతారు, పెద్దలు వచ్చిన రోజే రానిస్తారు. మిరపకోతల ఊళ్ళో ఇదేం నియమమని నాకు ఒళ్ళు మండింది. ఆమెను అడిగితే, అడగనందువల్లే కదా ఏటా సగం మంది మధ్యలో పోతున్నారు అంది.

శుక్రవారం సాయంత్రం ప్రశాంతి నా కొట్టు దగ్గరికి వచ్చింది.

"పెద్దింటమ్మకు చెప్పినా మామా. సావిత్రమ్మ మనిషినని మేడమ్‌కు చెప్పు చాలు అనింది. చెప్పినా."

"మేడమ్ ఏమనింది?"

"సంతోషం, ఆమెనే వచ్చి ఆ మాట చెప్పమను అనింది."

"మళ్ళీ సావిత్రమ్మను అడగకపోయినావా?"

"అడిగినా. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా కూర్చునింది."

"నేను రానా?" అన్నాను. మామా అని పిలుస్తోంది కదా అని.

ప్రశాంతి గోడ వైపు, ఆ అడుగున రాసిన వరుస వైపు చూసింది. "నువ్వొస్తే ఇంకా కోపం చేసుకుంటాది మామా."

అదీ నిజమే. ఆ పిల్లకు నవ్వు వచ్చినట్టు కనిపించింది గానీ, కళ్ళు తుడుచుకుంది. సోమవారం బడినుంచి పంపేస్తే, ప్రతి ఆదివారం కోతల నుంచి వచ్చే ఫోనులో ఒకసారి దాచిపెట్టగలిగినా, ఆ మరుసటి ఆదివారానికి తండ్రికి తెలుస్తుంది. అంతటితో పరీక్ష లేదు. వచ్చే ఏడు అని అంటారు. పాలెంలో వచ్చే ఏడు తిరిగి బడికొచ్చిన పిల్లను నేను చూడలేదు.

శనివారం పొద్దున జరిగింది సావిత్రమ్మ కోడలు ప్రియదర్శిని తరువాత నాకు చెప్పింది. ప్రశాంతి పేడ ఎత్తి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, బడిసంచి తగిలించుకుని మెట్టు కింద నిలబడిందట. చెయ్యి చాచి మేకుకున్న తమ ఇంటి తాళంచెవి తీసుకుందట.

"అమ్మా, బీగంచెవి నేను తీసుకుంటాండా."

సావిత్రమ్మ తులసికోట దగ్గర ఉంది. "ఏందే?"

"బడోళ్ళు పంపేస్తే నాయన వచ్చి తీసుకపోతాడు. మళ్ళా చెవి అడిగేదానికి ఇంత దూరం ఎందుకు? ఇప్పుడే తీసుకుంటా."

పిల్ల కోపంగా అనలేదట, ఏడవనూ లేదట. సావిత్రమ్మ చెంబు కింద పెట్టి, "ఆడ పెట్టు," అందట. ప్రశాంతి మళ్ళీ మేకుకు తగిలించి బడికి వచ్చేసింది. ఆ పిల్లకు ఆ తెలివి ఎవరు నేర్పారో తెలియదు. పుట్టినప్పటినుంచీ ఆ మేకును చూస్తోంది కదా, ఎవరూ నేర్పక్కర్లేదేమో.

సావిత్రమ్మ బయలుదేరింది. అయితే ఆమె పద్ధతిలో బయలుదేరింది. స్నానం, పూజ, పట్టంచు చీర, కాఫీ, ఆ తరువాత కొడుకు సురేష్ బండి మీద. ఈ ఊళ్ళో పంచాయితీ అయినా, పెళ్ళి భోజనం అయినా ఆమె రాకముందు మొదలైంది లేదు. బడి కూడా ఆగుతుందనే అనుకుంది. ఆమె అనుకోవడంలో తప్పేమీ లేదు, ఇన్నాళ్ళూ అన్నీ ఆగాయి.

బండి గేటు ముందుకు వచ్చేసరికి తాళం పడింది. సురేష్ హారన్ కొట్టాడు. మల్లి వచ్చి కడ్డీల అవతల నిలబడింది.

"తియ్యేదానికి లేదయ్యా. మేడమ్ ఒప్పుకోదు."

హారన్ ఆగకపోయేసరికి స్టెల్లా మేడమే వచ్చింది.

"ఇంటర్వెల్ గంటకు తీస్తారమ్మా. అంతవరకు ఆగండి."

"నేనెవరో తెల్సా?" అంది సావిత్రమ్మ.

"తెలుసమ్మా. ప్రశాంతి కోసం వచ్చినారు."

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. సురేష్ ఎవరికో ఫోను చేయబోయాడు. సావిత్రమ్మ వద్దని, నువ్వు పో అని పంపేసింది. నేను స్టూలు వేశాను. ఆమె కూర్చుంది. కొట్టు నీడ అక్కడిదాకా రాదు, స్టూలు లోపలికి జరుపుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు.

అక్కడినుంచి బడి ఆవరణ అంతా కనిపిస్తుంది. బెంచీలు బయట వేశారు. పిల్లలూ పెద్దలూ జంటలుగా కూర్చున్నారు. పెద్దిళ్ళ వాళ్ళూ పాలెంలో మిగిలిన వాళ్ళూ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాల్సి వచ్చింది. కొందరు ఇబ్బందిగా కదులుతున్నారు. చివరి బెంచీ దగ్గర ప్రశాంతి ఒక్కతే నిలబడి ఉంది.

"దాన్ని ఎందుకు నిలబెట్టినారు?" అని అడిగింది సావిత్రమ్మ.

"ఎవరూ రాని పిల్లలు నిలబడాలంటమ్మా."

"నేను వచ్చినా గదా."

"గేటు బయట ఉండావు గదమ్మా," అన్నాను. అనేశాక భయం వేసింది. ఆమె చెంగుతో మెడ తుడుచుకుని అటే చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి ప్రశాంతి ఇటు తిరిగి ఆమెను చూసింది. ఇద్దరూ తలలు తిప్పుకున్నారు.

ఇంటర్వెల్ గంట కొట్టింది. మల్లి గేటు తీసింది. నాకెలాగూ బేరం లేదు కాబట్టి నేనూ ఆమె వెనకే బెంచీల దాకా పోయాను.

"కూర్చోండమ్మా," అంది స్టెల్లా మేడమ్.

"ఫర్లేదు. నిలబడే చెప్తా."

"మీరు కూర్చుంటే పిల్ల కూర్చుంటుంది."

సావిత్రమ్మ ఈ చివర కూర్చుంది. ప్రశాంతి ఆ చివర కూర్చుంది. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు ఉంది. స్టెల్లా మేడమ్ ఆ ఖాళీని చూసింది గానీ దాని గురించి ఏ నియమమూ రాయలేదు కాబట్టి ఊరుకుంది. రిజిస్టరు తెరిచింది.

"పిల్లకు మీరేమవుతారమ్మా?"

"వీళ్ళ నాయన మా చేన్లో పనిచేస్తాడు."

"అది కాదమ్మా. మీరు పిల్లకేమవుతారు? పని ఇచ్చేవాళ్ళ సంతకం తీసుకోవడానికి లేదు. ఇంటి మనిషే పెట్టాలి."

ఈ ఊళ్ళో అందరికీ అందరితో ఏదో ఒక వరస ఉంది. పాలెం పిల్లలు నన్ను మామ అంటారు, మల్లిని అత్త అంటారు. సావిత్రమ్మను మాత్రం వరస పెట్టి పిలిచేవాళ్ళు పాలెంలో లేరు. ఆమె రిజిస్టరు వైపు వంగి చూసింది. ఎండకు మొహం కంది ఉంది. చుట్టుపక్కల బెంచీల వాళ్ళు ఇటు తిరిగారు.

"ఏం కాదు మేడమ్," అంది ప్రశాంతి తల దించుకుని. "మేమే బీగంచెవి ఇచ్చిపోయినాం."

స్టెల్లా మేడమ్ పెన్ను మూత పెట్టింది. పిల్ల అబద్ధం చెప్పి ఉంటే ఎవరు కాదనేవాళ్ళు అని నాకు కోపం వచ్చింది.

సావిత్రమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "ఏం కాకుంటేనే చెవి తీసుకున్నానా?" అంది. తరువాత హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగింది.

"అవ్వను. రాసుకోండి మేడమ్. దాని అవ్వను."

రాసుకోండి అన్నది ఆమె. మార్కాపురం వైపు ఇలాంటి పాలెం నుంచే చదువుకుని వచ్చిన స్టెల్లా మేడమ్‌ను ఆమె అలా మర్యాదగా పిలవడం అందరూ విన్నారు. స్టెల్లా మేడమ్ రాసుకుంది. సావిత్రమ్మ వంకర టింకరగా సంతకం పెట్టి, చెప్పులు వెతుక్కుని, ఎవరి వైపూ చూడకుండా నడిచి ఇంటికి పోయింది. సురేష్‌కు ఫోను చేస్తానంటే వద్దంది.

తరువాత ఊళ్ళో ఏమీ మారలేదు. ప్రశాంతి పొద్దున్నే పేడ ఎత్తింది, మెట్టు కిందే పడుకుంది, కంచం దూలం సందులోనే ఉంది. రిజిస్టరులో రాసినంత మాత్రాన ఊరు చదువుతుందా? పరీక్షలు మాత్రం అన్నీ రాసింది.

మట్టల ఆదివారానికి ముందురోజు కోతల వాళ్ళు తిరిగొచ్చారు. ఆ పొద్దు నేను కందుల బేరానికి పోయి సావిత్రమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉన్నాను. యేసుమణి వచ్చి మెట్టు కింద నిలబడింది. ఎండకు నల్లబడింది, వేళ్ళ చివర్లు మిరపకారానికి తోలు లేచి ఉన్నాయి. కూతురు పక్కనే ఉంది. యేసుమణి అలవాటు కొద్దీ చూడకుండానే చెయ్యి చాచింది. మేకుకు తమ చెవి లేదు. ఆమె తల ఎత్తి చూసింది, నేనూ చూశాను.

"చెవి ఏదమ్మా?" అంది, గొంతులో భయంతో.

"లోపల ఉంది. వచ్చి తీసుకో," అంది సావిత్రమ్మ లోపలినుంచి.

యేసుమణి కదల్లేదు. "ఈడికే ఇయ్యమ్మా," అంది.

సావిత్రమ్మ తేలేదు, యేసుమణి పోలేదు. నేను కందుల బస్తా వైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ప్రశాంతి చెప్పులు విడిచి మెట్టెక్కింది. యేసుమణి ఆమె ఓణీ పట్టుకోబోయింది, అందలేదు. పిల్ల వసారా దాటి గడప లోపలికి పోయింది.

"అవ్వా, ఏడ పెట్టినావు?" అని లోపలినుంచి వినిపించింది.

యేసుమణి చాచిన చెయ్యి చాచినట్టే పెట్టుకుని మెట్టు కింద నిలబడి ఉంది.