నాలుగో పాటలో తగ్గిన బీటు

శుక్రవారం పొద్దున్న ఏడింటికి మాస్టారు వంటింట్లోకి వచ్చారు. వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి, లోపల ఉన్నవన్నీ పరీక్షగా చూసి, ఏమీ తీసుకోకుండా మూసేశారు.

"ఆకలా?" అంది భార్య, తరుగుతున్న ఉల్లిపాయ మీంచి తల ఎత్తకుండా.

"కాదు."

"మరి మా చిన్నోడి ఆల్బమ్ ఫ్రిజ్‌లో పెట్టలేదండీ. ఫోన్లో ఉంటుంది."

ఆయన మొహం గంటు పెట్టుకుని హాల్లోకి వెళ్ళారు. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు ఎందుకో ఆమెకి తెలుసు. ఆమె తమ్ముడి మొదటి ఆల్బమ్ ఆ తెల్లవారుజామునే విడుదలైంది. ఎనిమిది పాటలు. అన్నీ ప్రేమ పాటలే.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. వారానికి ఆరు రోజులు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఉద్యోగం, ఏడో రోజు ప్రార్థన మందిరంలో కీబోర్డు. చుట్టుపక్కల మందిరాల్లో వాయించేవాళ్ళూ పాడేవాళ్ళూ నూట నలభై మంది ఒక గ్రూపు పెట్టుకున్నారు. వారం వారం వచ్చే కొత్త ఆల్బమ్‌ల మీద మాస్టారు ఆ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతారు. ఆరేళ్ళుగా పెడుతున్నారు. భక్తి పాటలైనా, బయటి పాటలైనా ఆయన దగ్గర తేడా లేదు, అందరికీ సమానంగా వడ్డిస్తారు. "ఎనిమిది నిమిషాల పాటలో ఐదు నిమిషాలు ఒకటే లైను. దేవుడికి చెవుడనుకుంటున్నారా?" అన్నది ఒక ఆరాధన ఆల్బమ్ గురించి. "పాటకన్నా ముందు జనం అరుపులు రికార్డు చేసినట్టున్నారు, పాట దొరక్క అరుపులే వదిలారు" అన్నది ఊరంతా ఊగిపోతున్న ఒక పాట గురించి. నచ్చిన పాట గురించి మాత్రం "పర్వాలేదు" అంటారు. ఆ ఒక్క మాట కోసం కుర్ర గాయకులు కాచుకుని కూర్చుంటారు.

మొదట్లో ఈ మెసేజ్ శనివారమే వెళ్ళేది. ఒకసారి ఒక ఆరాధన ఆల్బమ్‌ని ఉతికి ఆరేసేసరికి, మర్నాడు అవే పాటలు పాడాల్సిన బృందానికి నోరు పెగల్లేదు. అప్పుడు పాస్టరు గారు ఆయన్ని పక్కకి పిలిచి, "ఆ నిప్పులేవో ఆరాధన అయ్యాక కురిపించండి మాస్టారూ" అన్నారు. అప్పట్నుంచీ శనివారం రికార్డు చేయడం, ఆదివారం మధ్యాహ్నం పంపడం.

ఈ నూట నలభై మందికీ తెలియని సంగతి ఒకటి భార్యకి తెలుసు. మాస్టారు ఏ పాటా అర నిమిషానికి మించి వినరు. "మిగతాది నాకు తెలిసిపోతుంది" అనుకుంటారు కాబోలు. ఒకసారి ఏదో పాట "ప్రశాంతంగా ముగిసింది" అని మెచ్చుకున్నారు. ఆమె విని చూస్తే, అది ముప్ఫై మంది పిల్లల కేకలతో ముగిసింది. అప్పుడామె ఏమీ అనలేదు. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఇలాంటివి చాలానే దాచి పెట్టుకుంది, అవసరానికి పనికొస్తాయని.

ఇప్పుడు అవసరం వచ్చింది.

చిన్నోడంటే ముప్ఫై రెండేళ్ళవాడు, చెవుల పక్కన నెరిసింది కూడా. గిటారు బావ దగ్గరే నేర్చుకున్నాడు. మందిరంలో బావ పక్కనే తొమ్మిదేళ్ళు వాయించాడు. రెండేళ్ళ కిందట ప్రాక్టీసులో ఏదో ఒక చోట కొంచెం సాగదీసి వాయించాడని, మాస్టారు అందరి ముందూ "నీ వేళ్ళకి భక్తి లేదురా" అనేశారు. చిన్నోడు గిటారు కవర్లో పెట్టి, జిప్పు ఈ చివర్నించి ఆ చివరిదాకా నిదానంగా లాగి, బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మందిరానికి రావడం మానేశాడు, గ్రూపులో మాత్రం ఉన్నాడు. అక్కని చూడ్డానికి ప్రాక్టీసు జరిగే గురువారం సాయంత్రాలే వస్తాడు. గుమ్మంలో బావ చెప్పులు ఉన్నాయేమో చూసుకుని మరీ బెల్లు కొడతాడు.

శుక్రవారం పొద్దున్నే అక్క ఫోన్‌కి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, బావ తిట్టినా పర్లేదు. తిట్టే ముందు మొత్తం వినమను. వినకుండా తిడితే మాత్రం ఇంక నేను ఆ గుమ్మం తొక్కను. గురువారాలు కూడా రాను."

ఆమె రెండుసార్లు చదివింది. చిన్నోడు ఊరికే బెదిరించే రకం కాదు. చిన్నప్పుడు ఒకసారి అన్నం తిననన్నాడు, రెండు రోజులు తినలేదు.

మొత్తం వినండీ అని చెబితే మాస్టారు వినరు. చెప్పారని వినడం ఆయన ఇంటా వంటా లేదు. అందుకని ఆమె ఏమీ చెప్పలేదు. వంటింటి అలమరలోంచి చిన్న స్పీకరు తీసి, దుమ్ము తుడిచి, సింకు పక్కన పెట్టింది. నాలుగో పాట పెట్టింది. మూడు నిమిషాల నలభై సెకన్లు. రెండు గిన్నెలూ ఒక మూకుడూ తోమడానికి సరిగ్గా సరిపోయింది.

"నువ్వెక్కని బస్సులన్నీ నా వైపే వస్తున్నాయి..." అని చిన్నోడు వంటింట్లోంచి పాడటం మొదలెట్టాడు.

"ఏమిటా గోల?" అన్నారు మాస్టారు హాల్లోంచి.

"గిన్నెలండీ."

"గిన్నెలు పాడతాయా?"

"తోమితే పాడతాయి."

ఆ రోజు ఇంట్లో గిన్నెలు చాలా ఉన్నాయి. తోమినవి కూడా తోమింది. ఆయన షాపుకి వెళ్ళేలోపే పాట పదకొండుసార్లు అయ్యింది. సాయంత్రం షాపు నుంచి రాగానే మాస్టారు స్పీకరు వైపు ఓ చూపు చూసి, "దానికి బ్యాటరీ అయిపోదా?" అని అడిగారు. "ఇది తీగతో నడిచేదండీ" అంది ఆమె సౌమ్యంగా.

శనివారం పొద్దున్న ఆయన పళ్ళు తోముకుంటున్న చప్పుడు పాట నడకలోనే వినిపించింది. చొక్కా గుండీ ఒకటి కిందకి పెట్టుకుని షాపుకి బయల్దేరబోయారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఎడమ చేతి వేళ్ళు బల్ల మీద వాటంతటవి నడిచాయి. ఆయన వాటిని చూసుకుని, తేలు కుట్టిన దొంగలా చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. ఆమె నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది, నవ్వు కనపడకుండా.

కానీ సాయంత్రం ఆ నవ్వు నిలవలేదు. పడగ్గది తలుపు మూసుకుని ఆయన రికార్డు చేస్తుంటే, ఆరిన బట్టలు చేతుల్లో పెట్టుకుని తలుపు బయట నిలబడి మొత్తం వింది.

"...ఎనిమిది పాటలకీ ఒకటే దుప్పటి కప్పారు. రెండోది వింటుంటే లిఫ్టులో ఇరుక్కున్నట్టుంది. నాలుగోది జనం తెగ పాడుకుంటున్నారట, పాడుకోనీ. పల్లవి మూడో లైన్లో ఒక బీటు తగ్గింది. లెక్క రానివాడు పాట కట్టకూడదు. నా దగ్గర నేర్చుకున్నవాడని ఎవరైనా అంటే, దయచేసి ఆ మాట అనకండి."

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, బట్టలు మంచం మీద పడేసింది.

"మొత్తం విన్నారా?"

"విన్నాను."

"ఏడో పాట ఎలా ముగుస్తుంది?"

మాస్టారు ఒక్క క్షణం ఫ్యాను వైపు చూశారు. "మెల్లగా తగ్గిపోతుంది. ఈ మధ్య పాటలన్నీ అంతేగా, ముగించడం చేతకాదు."

"ఓహో" అంది ఆమె. తువ్వాలు ఒకటి నాలుగుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. నిజం చెప్పి ఆయన్ని కడిగేయొచ్చు. కడిగేస్తే మెసేజ్ ఇప్పుడే వెళ్ళిపోతుంది, పంతానికి. నోట్లోని మాట నోట్లోనే నొక్కుకుని వంటింట్లోకి వెళ్ళింది. తోమడానికి గిన్నెలేమీ లేవు. అయినా పాట పెట్టింది.

ఆదివారం ఆరాధనలో ఆమె నాలుగో వరసలో, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. అక్కణ్ణించి కీబోర్డు మీద ఆయన చేతులు కనిపిస్తాయి. చొక్కా జేబులో ఫోన్ కూడా కనిపిస్తోంది. ఇంకో గంటలో ఆ ఫోన్లోంచి ఆ మెసేజ్ వెళ్ళిపోతుంది, చిన్నోడి గురువారాలు కూడా దాంతోపాటే పోతాయి. పాటలయ్యాయి. పాస్టరు గారి వాక్యోపదేశం అయ్యింది. పాస్టరు గారు ముగింపు ప్రార్థనకి కళ్ళు మూసుకున్నారు, అందరూ మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ కింద మెత్తగా కీబోర్డు వాయించడం మాస్టారి పని. దానికి పాటంటూ ఉండదు. ఆయన కూడా కళ్ళు మూసుకుంటారు, వేళ్ళు వాటి దారిన అవి పోతాయి. ఇరవై ఏళ్ళుగా పోతున్నాయి, ఎప్పుడూ దారి తప్పలేదు.

ఇవాళ తప్పాయి.

మొదట ఆమెకే అనుమానం వచ్చింది, రెండు రోజుల గిన్నెల ఫలితంగా తన చెవులే పాడుతున్నాయేమోనని. తర్వాత డ్రమ్స్ వెనక కూర్చున్న బ్యాంకు గుమాస్తా ఒక కన్ను తెరిచాడు. వెనక వరసలో కాలేజీ పిల్లలు నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలలెత్తారు. అనుమానం లేదు. పాట సగానికి సగం నెమ్మదించింది కానీ, అదే. నువ్వెక్కని బస్సులన్నీ నా వైపే వస్తున్నాయి.

మాస్టారికి ఎప్పుడు తెలిసిందో కూడా ఆమెకి తెలిసింది. ఆయన మెడ కర్రలా బిగుసుకుంది, కళ్ళు తెరుచుకున్నాయి. కానీ ఆపడానికి లేదు. ప్రార్థన మధ్యలో సంగీతం టక్కున ఆగితే జనమంతా కళ్ళు తెరిచి కరెంటు పోయిందా అని చూస్తారు. కుడి చెయ్యిని ఒక పాత కీర్తన వైపు మళ్ళించారు. రెండు లైన్లు వెళ్ళింది. ఎడమ చెయ్యి వెళ్ళి దాన్ని వెనక్కి తీసుకొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించారు. మళ్ళీ బస్సులే వచ్చాయి.

ఇక తప్పక పల్లవి మూడో లైనుకి చేరారు, ఆ బీటు తగ్గిన చోటుకి. అక్కడ తప్పు సరిదిద్ది, లెక్కకి ఒక బీటు కలిపి వాయిస్తారనుకుంది. కలపలేదు. చిన్నోడు కట్టినట్టే వాయించారు. సరిగ్గా అక్కడ పాస్టరు గారు మాట ఆపి ఊపిరి పీల్చుకున్నారు. రెండోసారి అదే చోటు వచ్చింది. పాస్టరు గారు మళ్ళీ అక్కడే ఊపిరి పీల్చుకున్నారు. మూడోసారి ముందు వరసలో ఒక పెద్దావిడ కూడా పీల్చుకుని, కొంగుతో కళ్ళద్దాల కింద తుడుచుకుంది.

మామూలుగా నాలుగు నిమిషాల్లో అయిపోయే ప్రార్థన తొమ్మిది నిమిషాలు సాగింది. చివరికొచ్చేసరికి మాస్టారి మెడ మామూలుగా ఉంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. తన చేతుల్నే చూసుకుంటున్నారు, ఎవరివో అన్నట్టు.

ప్రార్థన అవగానే పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ వచ్చారు. "మాస్టారూ, ఇవాళ ఎంత బాగా కలిసిందండీ! అది ఏ కీర్తన? నేనెప్పుడూ వినలేదే."

బ్యాంకు గుమాస్తా డ్రమ్స్ వెనక దగ్గు నటించాడు.

"కీర్తన కాదండీ" అన్నారు మాస్టారు, తీగ చుట్టుకుంటూ. చుట్టిన తీగనే మళ్ళీ విప్పారు. "మా బామ్మర్ది కట్టింది."

"అలాగా! వచ్చే వారం కూడా అదే వాయించండి."

ఆయన వెళ్ళగానే గుమాస్తా ముందుకు వంగాడు. "మాస్టారూ, అది నాలుగోదే కదూ?"

"నువ్వు నీ కర్రలు సర్దుకో."

మాస్టారు మందిరం వెనక మెట్ల మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఆమె పక్కన కూర్చుంది. మొదటి పాట అర నిమిషం దాటింది. నిమిషం దాటింది. రెండు నిమిషాలయ్యాక ఆమె చేతిసంచీలోంచి విసనకర్రలా మడిచిన పాటల కాగితం తీసి విసురుకోవడం మొదలుపెట్టింది, కాసేపు పట్టేట్టుందని. కాపలావాడు రెండుసార్లు వచ్చి తాళంచెవులు గలగలలాడించి పోయాడు. ముప్పావు గంట తర్వాత ఆయన ఒక చెవిలోది తీశారు.

"జిప్పు" అన్నారు.

"ఏమిటండీ?"

"ఏడో పాట చివర. గిటారు కవరు జిప్పు లాగిన చప్పుడు. ఈ చివర్నించి ఆ చివరిదాకా."

"మెల్లగా తగ్గిపోలేదూ?"

ఆయన ఆమె వైపు చూశారు. "నీకు తెలుసన్నమాట. అర నిమిషం సంగతి."

"ఆరేళ్ళుగా."

ఆయన ఫోను చేతులు మార్చుకుని, నిన్నటి రికార్డు చెరిపేశారు. కొత్తది మొదలుపెట్టారు. గొంతు రెండుసార్లు సరిచేసుకున్నారు.

"అందరికీ వందనాలు. ఈ వారం ఒకటే ఆల్బమ్. నాలుగో పాటలో ఒక బీటు తగ్గిందని చెబుదామనుకున్నాను. తగ్గలేదు. అది ఊపిరి తీసుకునే చోటు. నేనే లెక్క తప్పాను. ఇవాళ వాయిస్తేగానీ తెలియలేదు. ఏడోది చివరిదాకా వినండి, నేను ఇవాళే విన్నాను. ఇంతకు ముందు చాలా పాటలు చివరిదాకా వినలేదు, అది నా తప్పు. రెండోది మాత్రం చెత్త. ఇంతే."

పంపారు. పంపిన చేత్తోనే ఫోను మెట్టు మీద బోర్లించి, లేచి, పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చేసరికి అది మోగుతోంది. ఆయన చెయ్యి చాపలేదు. ఆమే తీసి, స్పీకర్లో పెట్టి, ఆయన ముందు పట్టుకుంది.

"బావా" అంది అవతలి గొంతు, రెండేళ్ళ తర్వాత. "రెండోది నిజంగా చెత్తేనా?"

"చెత్తే."

"ఎందుకు?"

"ఫోన్లో చెప్పేది కాదు. ఇంటికి రా. గిటారు తెచ్చుకో."

వాళ్ళు ఇల్లు చేరేసరికి చిన్నోడు గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు, వీపున కవరు తగిలించుకుని. వాడు ఉండేది ఊరికి ఆ చివర.

"ఎగిరొచ్చావా?" అంది అక్క తాళం తీస్తూ.

"బస్సు వెంటనే దొరికిందక్కా."

"నీకు బస్సులకేం కొదవ. అన్నీ నీ వైపేగా వచ్చేది."

భోజనాలు ఎలా అయ్యాయో ఎవరూ గమనించలేదు. కంచాల ముందే గొడవ మొదలైంది. రెండో పాటలో తలుపులు లేవని బావ, అది కావాలనే అలా కట్టానని బామ్మర్ది, కావాలని ఎవడైనా లిఫ్టులో ఇరుక్కుంటాడా అని బావ. మందిరంలో జరిగింది అక్క చెప్పగా విని, మధ్యలో చిన్నోడు ఆగి, "అవునూ, పాస్టరు గారు పాట మాటలు అడిగితే ఏం చెబుతావ్?" అన్నాడు.

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

"మీ అక్క చెబుతుంది" అన్నారు చివరికి. "ఇదంతా తెచ్చిపెట్టింది తనే. అసలు ఎన్నిసార్లు పెట్టావే ఆ పాట?"

"గిన్నెలు ఎన్నుంటే అన్నిసార్లు" అంది ఆమె, కంచాలు తీస్తూ.

హాల్లో జిప్పు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. వెంటనే మళ్ళీ గొంతులు లేచాయి. ఆమె కంచాలు సింకులో పెట్టి, చేతులు తుడుచుకుని, స్పీకరు దగ్గరికి తీసుకుంది. ఒక్క నిమిషం ఆలోచించింది.

రెండో పాట పెట్టింది.