ఆడపిల్లకు రెట్టింపు

నా బిడ్డ పోయిన రోజు శనివారం. మర్నాడు చర్చిలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె చేయడానికి మైదాపిండి కలుపుతున్నాను. ఉప్పు వేయకూడదు, పిండి పులియకూడదు, తలమీద ముసుగు జారకూడదు, చేస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. సంఘపెద్ద భార్యగా పెళ్లితోపాటు నాకు వచ్చిన పని అది. అయిదో నెల. నడుములో సన్నగా నొప్పి మొదలైంది. పిండి ముద్దయ్యేలోపే రక్తం కాళ్ల మీదికి వచ్చింది.

అత్తగారు వంటింట్లోకి వచ్చి ముందు నన్ను చూశారు, తర్వాత పళ్లెం చూశారు. "ఇంక ముట్టుకోకు! ఒరే జాన్సనూ, ఆటో పిలువు. ఆ పిండి అవతల పారబొయ్యి. అయ్యో, రేపటికి రొట్టె ఎవరు చేస్తార్రా?" నాతోనూ మా ఆయనతోనూ అన్నీ ఒకే గుక్కలో అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆటోలో నా తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి దాకా ప్రార్థన చేస్తూనే ఉన్నారు.

కారణం చెప్పలేమని డాక్టరు అంది. ఆడపిల్ల అని నర్సు చెప్పింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. కాన్పయిన స్త్రీ మోషే ధర్మశాస్త్రం చెప్పిన రోజులు తీరేదాకా మందిరానికి రాదు, రొట్టె తీసుకోదు. మగపిల్లవాడైతే కొన్ని రోజులు. ఆడపిల్లయితే దానికి రెట్టింపు.

"ఊపిరి పోసుకోని పిల్లకి కూడానా?" అని మా ఆయన్ని అడిగాను.

"పెద్దలం మాట్లాడుకున్నాం హెప్సీ. ఆడపిల్లేగా, రెట్టింపే. నీ మీద కోపంతో కాదు, పద్ధతి."

"మీక్కూడా కూతురే కదండీ పోయింది?"

ఆ ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య ఆయనే తిరిగారట.

మందిరానికి పనికిరాని చేతులు వారం తిరక్కుండానే క్యారేజీలు కట్టడానికి పనికొచ్చాయి. పాఠాలు చెప్పడానికి బడికి కూడా వెళ్లాను. ఒకరోజు అన్నం వారుస్తుంటే అత్తగారు మెల్లగా అన్నారు. "మనసులో ఏదో పెట్టుకుని బల్ల తీసుకునుంటావమ్మాయ్. అయోగ్యంగా తింటే ఊరికే పోదు. ఆలోచించుకో." ఆలోచించుకున్నాను. మూడో తరగతికి డిక్టేషన్ చెబుతూ, మధ్యలో ఆగిపోయి, వెతుక్కున్నాను. మా ఆయన మీద కోపం చల్లారకుండా రొట్టెకు చెయ్యి చాపిన ఆదివారాలు ఉన్నాయి. నిద్రకు ఓడి ప్రార్థన మానేసిన రోజులు ఉన్నాయి. కడుపులో ఉన్నది ఆడపిల్లయితే ఈ ఇంట్లో ఎలా పెరుగుతుందోనని దిగులుపడ్డ రోజూ ఉంది. వీటిలో దేనికి? పిల్లలు పలకలు పట్టుకుని తర్వాతి మాట కోసం నా వైపే చూస్తుండేవారు.

ధర్మశాస్త్రం మనల్ని క్రీస్తు దగ్గరికి నడిపించే బాలశిక్షకుడని బైబిల్లో పౌలు అన్నాడు. బాలశిక్షకుడంటే బెత్తం పట్టుకున్న మాస్టారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదట, పిల్లవాణ్ణి చేయిపట్టి బడిదాకా తీసుకెళ్లే మనిషట. ఆ పని నాకు తెలుసు. వన్‌టౌన్‌లో మా బడి ముందు తోపుడుబళ్లూ ఆటోలూ తెరిపి ఇవ్వవు. చిన్నపిల్లల్ని రెక్క పట్టుకుని రోడ్డు దాటిస్తాను. గేటు దగ్గర చెయ్యి వదిలేస్తాను. అక్కడ కూడా పట్టుకునే ఉంటే వాళ్లు లోపలికి ఎలా వెళ్తారు?

ఇది తెలిశాక భయం తగ్గాలి. తగ్గలేదు. ధర్మశాస్త్రంలో నా బిడ్డ చావుకు కారణం దొరుకుతుంది. తప్పు చేశాను, శిక్ష పడింది, ఇకమీద జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. క్రీస్తు కృపలో ఆ ఆధారం కూడా లేదు. నేనేమీ చేయకుండానే నన్ను ప్రేమించినవాడు, నేనేమీ చేయకుండానే నా బిడ్డ పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. ఈయనంటేనే నాకు ఎక్కువ భయం. కానీ నా కూతుర్ని రెట్టింపు మైలగా లెక్కవేయనివాడు కూడా ఈయనే.

నిన్నటి ఆదివారం తలస్నానం చేసి, ముసుగు వేసుకుని బయల్దేరాను. అత్తగారు గుమ్మంలో అడ్డం వచ్చారు.

"ఎటే?"

"మందిరానికి అత్తయ్యా."

"రోజులు తీరలేదుగా!"

"తీరలేదు."

"మళ్లీ కడుపు నిలవకపోతే అప్పుడు నా దగ్గర ఏడవకు."

ఆవిణ్ణి తప్పుకుని గుమ్మం దిగాను. కాలువ గట్టు వెంట మందిరం దాకా నడిచాను. ఆడవాళ్ల వైపు చాప మీద చివర కూర్చున్నాను. పక్కామె చాప మడిచి కొంచెం జరిగింది. మా ఆయన పళ్లెంతో వరసలోకి వచ్చి, నేను చెయ్యి చాపితే నా ముందు ఆగిపోయారు.

"హెప్సీ, చెయ్యి తియ్యి. అందరూ చూస్తున్నారు."

తియ్యలేదు. ఆయన పళ్లెం వెనక్కీ లాక్కోలేదు, ముందుకూ చాపలేదు. నేనే ఒక ముక్క తుంచుకున్నాను. ఆయన తర్వాతి వరసకు వెళ్లారు.

పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అందరూ నోట్లో వేసుకున్నారు. ఇవాళ సోమవారం. రొట్టె ముక్క నా చీర కొంగున ముడివేసి ఉంది. నేనింకా తినలేదు.