తలుపు పరీక్ష

పోలీసు శిక్షణ కళాశాలలో అందరూ ఈల మాస్టారు అని పిలిచే డ్రిల్లు మాస్టారు ఆ ఉదయం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అద్దం అవతల గదిలో ఆయన చెల్లెలి కూతురు పరీక్షకు నిలబడి ఉంది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే యూనిఫాం అప్పజెప్పి ఇంటికి పోవాల్సిందే, మావయ్య ఇక్కడ మాస్టారైనా సరే.

పరీక్ష చెప్పుకోడానికి సులువే. తలుపు తట్టాలి. తీసినావిడకు, నీ కొడుకు ప్రమాదంలో పోయాడని చెప్పాలి. అంతే. ఆ తల్లి వేషం కట్టేది సాక్షాత్తూ కళాశాల అధిపతి, పెద్ద మేడం. మూడు జిల్లాల పోలీసులను నడిపి, కరుడుగట్టిన ముఠాలను లొంగదీసిన మనిషి పాత శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంటుంది. పరుగూ, లాఠీ, తుపాకీ నేర్పాల్సిన చోట ఈ నాటకాలేమిటని మాస్టారు ఎన్నిసార్లు గొణుక్కున్నాడో లెక్కలేదు.

మేనకోడలు రెండుసార్లూ ఒకే మాట దగ్గర బోల్తా పడింది. బాడీ ఆస్పత్రిలో ఉందండీ, అంది. స్టేషన్లో పొద్దస్తమానం వినపడే మాటే అది, మాస్టారి నోటా అదే. పెద్ద మేడం మాత్రం వినగానే లేచి శాలువా తీసేసింది. మనకు బాడీ కావచ్చు, కన్నతల్లికి వాడు కొడుకే అని చెప్పి సున్నా వేసింది.

ఈసారి పిల్ల ఆ గండం దాటింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, మీ అబ్బాయి ఇక లేడమ్మా అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. మాస్టారు హమ్మయ్య అనుకునేలోపే పెద్ద మేడం తలెత్తి, ప్రశ్నపత్రంలో ఎక్కడా లేని మాట అడిగింది.

"పొద్దున తినకుండా వెళ్లాడు. దారిలో ఏమైనా తిన్నాడా?"

ఆ గొంతు ఎంత మామూలుగా ఉందంటే, మాస్టారికి ఒళ్లు జలదరించింది. తిన్నాడని చెప్పవే పిచ్చిదానా, నీ సొమ్మేం పోయింది అని లోలోపల మొత్తుకున్నాడు.

పిల్ల కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "తెలీదమ్మా. కనుక్కుని నేనే వచ్చి చెప్తాను."

మాస్టారికి తల తిరిగిపోయింది. యూనిఫాం వేసుకున్నాక తెలీదన్న మాట నోట రాకూడదని ఇరవై రెండేళ్లుగా మైదానం దద్దరిల్లేలా అరిచి నేర్పింది ఆయనే. పిల్ల కొంప మునిగిందనుకుని, ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. పిల్ల తడబడింది మేడం, ఇంకొక్క అవకాశం ఇప్పించండని బతిమాలాడు.

పెద్ద మేడం ఆయన్ని కూర్చోమంది. మీరైతే ఏం చెప్పేవారని అడిగింది. తిన్నాడనే చెప్పేవాణ్ని, అందులో ఆలోచించడానికేముంది అన్నాడు మాస్టారు.

"నేనూ అదే చెప్పాను మాస్టారూ" అంది ఆవిడ.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలట. ఒక తల్లి ఇదే ప్రశ్న అడిగితే, జాలిపడి, కడుపునిండా తిన్నాడమ్మా అని చెప్పి వచ్చేసిందట. వారం తిరక్కుండా పోస్టుమార్టం కాగితం ఆ తల్లి చేతికందింది. కడుపు ఖాళీ అని రాసి ఉంది అందులో. ఆ తర్వాత కొడుకు గురించి పోలీసులు చెప్పిన ఏ ఒక్క మాటా ఆవిడ నమ్మలేదు, ప్రమాదం ఎలా జరిగిందన్నది కూడా.

ముప్పై ఏళ్ల కిందటి తప్పును పతకాల కన్నా భద్రంగా దాచుకుని, ఏటా వందమంది పిల్లల ముందు ఆ తల్లి కుర్చీలో తనే కూర్చుంటోందా ఈ మనిషి! ఇంతటి మనిషి పక్కన రోజూ తిరుగుతూ, ఇన్నాళ్లూ ఇదంతా నాటకం అనుకున్నందుకు ఆయనకు సిగ్గేసింది.

పెద్ద మేడం పిల్ల కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టింది. పిల్ల కళ్లు తుడుచుకుంటూనే సెల్యూట్ చేసి బయటికి వెళ్లింది.

మళ్లీ ఎప్పుడైనా ఆ తల్లిని చూశారా మేడం అని మాస్టారు మెల్లగా అడిగాడు.

"ఏటా వెళ్తాను. తలుపు తీస్తుంది, కుర్చీ వేస్తుంది. మాట మాత్రం మాట్లాడదు. గంటసేపు కూర్చుని వస్తాను."

శాలువా సర్దుకుని, తర్వాతి వాళ్లను పంపమంది.